చిన్నపిల్లలకు తప్పుల్లేకుండా రాయడం ఎలా వస్తుంది, ఇంట్లో ఎలా నేర్పాలి

ఒకటో తరగతి చదివే పాప "అమ కుకకి అనం పెటిది" అని రాసిందనుకుందాం. ఆమె చెప్పదలచుకున్నది "అమ్మ కుక్కకి అన్నం పెట్టింది" అని. ఎర్ర సిరాతో దిద్దితే నాలుగు మాటల్లో నాలుగూ తప్పే. కాస్త నిదానంగా చూస్తే మాత్రం కొమ్ము, గుడి, ఎత్వం మూడూ రావలసిన చోటే వచ్చాయి, అన్నం చివర సున్న ఉంది, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంది, ఏ మాటలోనూ అక్షరాల లెక్క తప్పలేదు. ఆమెకు ఇంకా రానివి రెండే విషయాలు: ద్విత్వం (ఒక అక్షరం కింద అదే అక్షరపు వత్తు రావడం), మాట మధ్యలో వచ్చే సున్న. ఆ రెండూ నేర్పితే వాక్యమంతా సరిపోతుంది. అలా కాకుండా మొత్తం వాక్యాన్ని పదిసార్లు చూసి రాయమంటే చేయి నొప్పి పుడుతుందేగాని, రేపు "పిల్లి" రాయవలసి వచ్చినప్పుడు మళ్ళీ "పిలి" అనే రాస్తుంది.

ఐదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగు రాత నేర్పే తల్లిదండ్రుల కోసం, తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. పిల్లల తప్పు వాళ్ళు ఏం విన్నారో, ఎంతవరకు నేర్చారో చెబుతుంది. దాన్ని చదవగలిగితే తర్వాత ఏం నేర్పాలో మనకు తెలిసిపోతుంది.

ముందు చెవికి పని

తెలుగు చాలావరకు పలికినట్టు రాసే భాష కాబట్టి తెలుగు రాతకు పునాది వినికిడిలో ఉంటుంది. పలక పట్టించడానికి ముందే, నాలుగో ఏటి నుంచే, మాటను ముక్కలుగా వినడం అలవాటు చేయాలి. "పలక" అనగానే ప, ల, క అని మూడు చప్పట్లు, "చీమ" అంటే రెండు. పిల్లలు దీన్ని చాలా త్వరగా పట్టేస్తారు. మాట మొదటి అక్షరం ఏమిటి, చివరి అక్షరం ఏమిటి, మొదటిది తీసేస్తే ఏం మిగులుతుంది అనే ప్రశ్నలు స్నానం చేయించేటప్పుడో బడికి నడిపించేటప్పుడో అడగవచ్చు. అంత్యాక్షరి కూడా పాటలకే పరిమితం కానక్కరలేదు, మాటలతోనే ఆడవచ్చు. ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఆడుకునే క-భాష, అంటే ప్రతి అక్షరానికి ముందు "క" చేర్చి "క-ను-క-వ్వు-క-రా" అని మాట్లాడుకోవడం, పెద్దలకు అల్లరిగా తోస్తుంది. నిజానికి ఆ ఆట ఆడే పిల్ల మాటను అక్షరాలుగా విడగొట్టే పనిని పెద్దల సాయం లేకుండా, ఎంతో వేగంగా చేస్తోంది. ఆపకండి.

అక్షరం కంటే చిన్న ముక్కను, అంటే "కు"లో క్, ఉ అని రెండు ధ్వనులున్నాయన్న సంగతిని, పిల్లలు ఆలస్యంగా గ్రహిస్తారు. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడ లిపిని నేర్చుకునే పిల్లల గురించి సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే కనబడింది: అక్షర స్థాయి ఎరుక ముందు, విడి ధ్వనుల ఎరుక నెమ్మదిగా తర్వాత వస్తాయి, అక్షరాలన్నిటి మీదా పట్టు రావడం మొదటి రెండు మూడు తరగతులు దాటి కూడా సాగుతుంది. 2021 జులై 5న మొదలైన కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం సైతం చదవడం, రాయడంలో ప్రాథమిక సామర్థ్యానికి మూడో తరగతి ముగింపునే గడువుగా పెట్టుకుంది. ఒకటో తరగతి దసరా సెలవులకే మా వాడికి గుణింతాలన్నీ రావాలని పట్టుబట్టడంలో అర్థం లేదు.

అక్షరాల పోలికలు

అక్షరాలను వర్ణమాల వరుసలో పాడించడం మంచిదే, కాని రాయించేటప్పుడు ఆ వరుసను పట్టుకుని వేలాడనక్కరలేదు. ఖ, ఘ, ఙ, ఛ, ఝ, ఞ పిల్లలు మాట్లాడే మాటల్లో అరుదు. అవి వచ్చేదాకా ఆగకుండా ర, గ, ప, ల, క, డ, త, వ, న వంటి అక్షరాలతోనే "పలక, తల, వల, గడప, పడవ" రాయించవచ్చు. రాసిన అక్షరం వెంటనే మాటగా మారితే పిల్లలకు రాత మీద నమ్మకం కుదురుతుంది. వాళ్ళ పేరుతో మొదలుపెడితే ఇంకా మంచిది.

ఆకారంలో దగ్గరగా ఉండే అక్షరాలను ఒకే రోజు నేర్పకూడదు. ప, వ, ష ఒక గుంపు, డ, ద మరొకటి, మ, య ఇంకొకటి. వీటన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది మ, వు జంట. "ఆవు" అని రాసి ఉంటే "ఆమ" అని చదివే పిల్లలు, "మామ" రాయబోయి చివరి అక్షరాన్ని "వు"గా ముగించే పిల్లలు ప్రతి తరగతిలో కనిపిస్తారు. ఇది అజాగ్రత్త కాదు, వ ఒంటికి కొమ్ము తగిలిస్తే వచ్చే రూపం మ రూపానికి అంత దగ్గరగా ఉంటుంది. "మ" బాగా స్థిరపడిన కొన్ని వారాల తర్వాతే "వు" చూపించి, రెండూ పక్కపక్కన పెద్దగా రాసి, తేడా ఎక్కడుందో వేలితో పిల్లల చేతనే చూపించాలి.

గుణింతం పాట, గుణింతం రాత

"కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని వరసగా పాడే పిల్లవాణ్ణి ఆపి "కె రాయి నాన్నా" అంటే చాలాసార్లు వాడు మళ్ళీ "క, కా, కి, కీ" నుంచి మొదలుపెట్టి వేళ్ళ మీద లెక్కించుకుంటూ వస్తాడు. పాట వచ్చింది, గుర్తు ఇంకా రాలేదని అర్థం. అందుకే ఒక హల్లు గుణింతమంతా ఒకేసారి కాకుండా, ఒక గుర్తును అనేక హల్లులకు ఇచ్చి నేర్పే పద్ధతే నాకు సరైనదనిపిస్తుంది. ఈ వారం గుడి అయితే కి, గి, చి, తి, ని, పి, రి, లి. వాటితో "గది, పని, నది, బడి, పులి" అన్న మాటలు. (చివరి మాటలో కొమ్ము దొర్లింది, అది వచ్చిన పిల్లలకే ఇవ్వండి.) మి, యి, హా, మొ, మో, ఘో వంటి వాటిలో గుర్తు మామూలు రూపంలో కనబడదు. వీటిని మినహాయింపులుగా వేరే కాగితం మీద రాసి గోడకు అంటించి, చూసి గుర్తుపెట్టుకోమనడం మేలు.

ఈ దశలో అందరూ చేసే తప్పు హ్రస్వ దీర్ఘాలది. వరి–వారి, పురి–పూరి, మెడ–మేడ, కొన–కోన వంటి జంటలను ముందు నోటితో ఆడించాలి. మీరు ఒకటి పలికితే పిల్లలు హ్రస్వానికి చిటిక వేయాలి, దీర్ఘానికి చేతిని గాలిలో సాగదీయాలి. చెవికి తేడా తెలిశాకే రాతలోకి దిగాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త అవసరం. "మేక" అన్న మాటలో మనం పలికేది కచ్చితంగా ఏ కాదు, నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది, అందువల్ల కొందరు పిల్లలు "మ్యాక" అని రాస్తారు. ఆ చెవి చాలా నిశితమైనదని గుర్తించి, "నువ్వు విన్నది నిజమే, రాయడం మాత్రం ఇలా రాస్తాం" అని చెప్పండి.

ద్విత్వం: అమ్మతో మొదలుపెట్టకండి

ద్విత్వం పిల్లలు ఎందుకు వదిలేస్తారంటే, "గడ్డి" అన్నప్పుడు రెండు డకారాలు విడివిడిగా వినబడవు, నాలుక ఒక క్షణం ఆగి తర్వాత వదులుతుంది, అంతే. ఆ ఆగడాన్ని పిల్లలకు తెలిసేలా చేయాలి. గడి–గడ్డి, కల–కల్ల, మను–మన్ను అని జంటగా పలుకుతూ, నాలుక ఆగిన చోట పిడికిలి బిగించమనండి. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప వంటి ఆటల పేర్లలోనే ద్విత్వాలు నిండి ఉన్నాయి. చప్పట్ల ఊపులో చెమ్–మ, చెక్–క అని ఆ విరుపు స్పష్టంగా చెవిన పడుతుంది.

రాతలోకి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది. మనం సహజంగా అమ్మ, అన్న, అత్త, అయ్య అని దగ్గరి మాటలతో మొదలుపెడతాం. కాని మ, న, త, య, ర వంటి కొన్ని అక్షరాల వత్తులే అసలు అక్షరాన్ని పోలి ఉండనివి! "అమ్మ"లో కింద ఉన్న గీత మ అని పిల్లలకు ఎలా తెలుస్తుంది? వాళ్ళు ఆ మాటను బొమ్మలా మొత్తంగా గుర్తుపెట్టుకుంటారు తప్ప ద్విత్వం అనే పద్ధతిని దాని నుంచి గ్రహించలేరు. గడ్డి, బుగ్గ, ముద్ద, పచ్చ, గుడ్డు, డబ్బు, సజ్జ వంటి మాటల్లో అలా కాదు. పైన గ, కింద తలకట్టు లేని అదే గ, చూడగానే తెలుస్తుంది. పద్ధతి ఈ మాటలతో అర్థమయ్యాక "కొన్ని అక్షరాలు కిందికి దిగితే రూపం మార్చుకుంటాయి" అని చెప్పి అమ్మ, అన్న, అత్త, అయ్య, బుర్ర చూపిస్తే ఒక్కొక్కటిగా పట్టుకుంటారు. ఈ వరస మార్పు చిన్నదే అయినా, నా దృష్టిలో ఇంటి చదువులో దీనంత ఉపయోగపడేది మరొకటి లేదు.

పైన చెప్పిన పాప లాంటి పిల్ల "కుక" అని రాస్తే "తప్పు" అనే బదులు "నువ్వు రాసింది ఉన్నదున్నట్టు చదువు" అనండి. చాలామంది మొదట అలవాటుగా "కుక్క" అనే చదువుతారు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టించి "కు...క" అని చదివిస్తే, "కుక కాదు, కుక్క!" అని తామే పట్టుకుంటారు. అలా తామే దిద్దుకున్న మాటను ఇంకెప్పుడూ తప్పు రాయరని చెప్పలేను గాని, మనం దిద్దిన మాటకంటే అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

సున్న

మాట చివరి సున్న పిల్లలకు సులువు, "అన్నం, పుస్తకం" అన్నప్పుడు పెదవులు మూసుకోవడం వాళ్ళకే తెలుస్తుంది. మధ్యలోని సున్న అలా కాదు. "రంగు"లో ఒక ధ్వని, "పండు"లో మరొకటి, "పంపు"లో ఇంకొకటి, అన్నిటికీ గుర్తు ఒక్కటే, పైగా ఆ ధ్వని తర్వాతి హల్లులో కలిసిపోయి వినబడీ వినబడనట్టుంటుంది. ఇది తెలుగు పిల్లల లోపం కాదు. బడికి ఇంకా వెళ్ళని పిల్లలు సొంతంగా రాసిన ఇంగ్లీషు మాటలను గమనించి చార్లెస్ రీడ్ 1971లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ పిల్లలు కూడా హల్లుకు ముందున్న అనునాసికాన్ని, అంటే ముక్కుతో పలికే ధ్వనిని, వదిలేస్తున్నట్టు తేలింది. ముక్కు మీద వేలు ఉంచి పడు–పండు, గట–గంట, కద–కంద అని పలికిస్తే, సున్న ఉన్న మాట దగ్గర ముక్కు అదరడం వేలికి తెలుస్తుంది. చెవి పట్టుకోలేనిదాన్ని వేలు పట్టుకుంటుంది.

సంయుక్తాక్షరాలు

"కుర్చీ" రాయమంటే కురిచీ, కుచ్రీ, కురచీ అని రకరకాలుగా రాస్తారు. కారణం లిపిలోనే ఉంది. నోట కుర్–చీ అని విరుగుతుంది, కాగితం మీద కు–ర్చీ అని విరుగుతుంది. ఈ అనే అచ్చు చకారం తర్వాత పలుకుతుంది, దాని గుర్తు మాత్రం రకారం నెత్తిన కూర్చుంటుంది. కాబట్టి చదివేటప్పుడు వేలితో మూడు కదలికలు నేర్పండి: ముందు పై అక్షరం, తర్వాత కింది వత్తు, చివరికి పైన ఉన్న గుర్తు. ర్, చ్, ఈ. రాసేటప్పుడు కూడా నోటితో "ర, కింద చ వత్తు, పైన గుడి దీర్ఘం" అనుకుంటూ రాయాలి. కుస్తీ, బస్తా, పుస్తకం, చక్రం, పర్సు ఇలాంటి మాటలతో సాధన చేయించి, మూడు హల్లులు కలిసే వస్త్రం, శాస్త్రం, రాష్ట్రం మూడో తరగతికి వదిలేయవచ్చు. పాత పుస్తకాల్లో కనబడే వలపలగిలక (ముందు పలికే ర్‌ను తర్వాతి హల్లుకు కుడి పక్కన రాసే గుర్తు) ఇంట్లో పెద్దవాళ్ళు రాస్తే అది కూడా సరైనదేనని ఒక మాట చెప్పి ఊరుకోండి, పిల్లల చేత రాయించవద్దు.

చెవి చెప్పని సంగతులు

ఇంతవరకు చెప్పినవన్నీ వింటే తెలిసేవి. భాష, ధనం, కథ, మేఘం, ముఖం వంటి మాటల్లో వత్తక్షరాలను, అంటే ఖ, ఘ, థ, ధ, భ వంటివాటిని, మనలో ఎక్కువమంది మామూలు మాటల్లో ఒత్తి పలకరు కాబట్టి, "బాష" అని రాసిన పిల్ల విన్నట్టే రాసింది. వీటిని కంటితో నేర్చుకోవాలి, అంటే ఎక్కువ చదవాలి. రెండో తరగతి చివరి నుంచి భూమి, భాష, భయం, భోజనం అని ఒక కాగితం, ధనం, ధైర్యం, బుధవారం, మధ్య అని మరో కాగితం రాసి ఉంచితే, కొత్త మాట కనబడినప్పుడల్లా పిల్లలే చేరుస్తారు. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం అన్న తేడాను దుకాణాల బోర్డుల మీద, కరపత్రాల్లో పెద్దవాళ్ళే తారుమారు చేస్తుంటారు. ఏడేళ్ళ పిల్లలను ఆ తప్పుకు మందలించడం న్యాయం కాదు.

కొన్ని చోట్ల చిన్న సూత్రాలు సాయపడతాయి. మన మాటల మొదట ణ, ళ రావు. శ, ష, సల్లో ఏది రాయాలో తెలియకపోతే, ట వత్తుకు ముందు ష వస్తుంది (కష్టం, ఇష్టం, నష్టం), చ వత్తుకు ముందు శ వస్తుంది (ఆశ్చర్యం, నిశ్చయం), త వత్తుకు ముందు స వస్తుంది (పుస్తకం, వస్తువు). బస్టాండు, మాస్టారు వంటి ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలకు ఇది వర్తించదని కూడా చెప్పాలి, లేకపోతే "మాష్టారు" సరైనదా అని తప్పకుండా అడుగుతారు. వాళ్ళు–వాళ్లు రెండు రూపాలూ అచ్చులో కనబడతాయి. బడిలో ఏది వాడుతున్నారో చూసి దాన్నే పాటించండి, రెండోది తప్పని మాత్రం చెప్పవద్దు.

ఇంటి యాస కూడా రాతలోకి వస్తుంది. "వద్దు" బదులు "ఒద్దు" అని, "వెళ్ళాడు" బదులు "ఎళ్ళాడు" అని, "వచ్చాడు" బదులు "వచ్చిండు" అని రాస్తారు. ఇవి అక్షర దోషాలు కావు. వచ్చిండు అని తప్పులేకుండా రాసిన పిల్లకు రాత వచ్చినట్టే. ఇంటి మాట తప్పని పిల్లలకు ఒకసారి అనిపిస్తే కాగితం మీద కలం పెట్టడానికే జంకుతారు. "మనం ఇలా అంటాం, పుస్తకంలో ఇలా రాస్తారు" అని రెండూ పక్కపక్కన చూపించండి.

రోజూ పది నిమిషాలు

ఉక్తలేఖనం అంటే మార్కులు వేసే పరీక్ష అనుకోకుండా, ఈ వారం నేర్పుతున్న ఒకే విషయం మీద నాలుగైదు మాటలు, ఒక వాక్యం చెప్పండి. మీరు చెప్పిన వాక్యాన్ని ముందు పిల్లలు నోటితో తిరిగి చెప్పాలి, చప్పట్లతో అక్షరాలు లెక్కించాలి, తర్వాత రాయాలి, చివర వేలు పెట్టి చదువుకోవాలి. వారం విషయానికి సంబంధించిన తప్పు ఉంటే దాన్నే దిద్దించండి. ద్విత్వం నేర్పే వారంలో వత్తక్షరాల జోలికి వెళ్ళవద్దు. చూచిరాత చేతిరాతకు మేలు చేస్తుంది. వర్ణక్రమానికి కూడా పనికి రావాలంటే, మాటను చూసి, మూసేసి, జ్ఞాపకం నుంచి రాసి, తర్వాత తెరిచి పోల్చుకోవాలి.

దీనికి తోడు ఎవరూ దిద్దని రాత కూడా ఉండాలి. బజారు చీటీలో "పాలు, కందిపప్పు, బెండకాయలు", ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు నాలుగు వాక్యాలు, గీసిన బొమ్మ కింద పేరు, ఏదైనా సరే. అందులో తప్పులుంటే ఉండనివ్వండి, మీరు గమనించి వచ్చే వారం విషయం దాని నుంచే ఎంచుకోండి. దారిలో పల్లె వెలుగు బస్సు మీది అక్షరాలు, దుకాణాల బోర్డులు, గోడ క్యాలెండరులో తిథులు, నక్షత్రాలు చదివించండి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాట తెచ్చిపెట్టే ఫోను కీబోర్డు ఈ వయసులో వద్దు. వత్తు ఎక్కడ రావాలో అదే నిర్ణయిస్తుంది కాబట్టి పిల్లలకు నేర్చుకునే పని మిగలదు.

ఇంగ్లీషు మీడియం పిల్లలు మాటను అక్షరాల పేర్లతో బట్టీ పట్టడానికి అలవాటుపడి తెలుగునూ అలాగే పట్టబోతారు. తెలుగు గంటలో బట్టీ వద్దని, ముందు నోటితో పలికి, విని రాయమని ప్రతిసారీ గుర్తుచేయాల్సి వస్తుంది. విదేశాల్లో పెరిగే పిల్లలకు ట–త, డ–ద, ల–ళ తేడాలే వినబడకపోవచ్చు. వాళ్ళకు రాతకంటే ముందు ఇంట్లో తెలుగు మాటలు, కథలు ఎక్కువగా వినిపించడం అవసరం.

ఎప్పుడు చూపించాలి

తరచూ చెవి నొప్పి, జలుబు వచ్చే పిల్లలు ధ్వనుల తేడాలు పట్టుకోలేకపోతే ముందు వినికిడి, తర్వాత చూపు పరీక్ష చేయించండి. మూడో తరగతి ముగిసే నాటికి, ఓపికగా నేర్పిన తర్వాత కూడా, మాటను అక్షరాలుగా విడదీయలేకపోవడం, బాగా తెలిసిన మాటను రోజుకో రకంగా రాయడం, చదవడం కూడా కష్టంగానే ఉండడం కనిపిస్తే డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉందేమో నిపుణులకు చూపించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది, కాబట్టి అవసరమైన వెసులుబాట్ల గురించి బడిలో నిస్సంకోచంగా అడగవచ్చు. చూపించడానికి వెళ్ళేటప్పుడు పిల్లలు సొంతంగా రాసిన కాగితాలను, తేదీలు వేసి దాచినవి, వెంట తీసుకెళ్ళండి. దిద్దిన నోటుపుస్తకాలకంటే ఆ దిద్దని కాగితాలే పరీక్షించేవారికి ఎక్కువ ఉపయోగపడతాయి.